మూడు చాటల బియ్యం

మా చరిత్ర సారు పోయారు. మలక్‌పేటలో మా పక్కిల్లే ఆయనది. పొద్దున్నే పేపరు చదువుతూ కుర్చీలోనే కన్నుమూశారని కబురొస్తే, తెరిచిన దుకాణం తెరిచినట్టే వదిలేసి అఫ్జల్‌గంజ్ నుంచి పరుగెత్తాను.

క్లాసులో హాజరు తీసుకోవడానికే ఆయనకు పది నిమిషాలు పట్టేది. ఇంటిపేరుతో, తండ్రి పేరుతో సహా పిలిచేవారు. మాకు నవ్వు. సంవత్సరం లేకుండా జవాబు చెబితే మాత్రం "గది చరిత్ర గాదురా, ముచ్చట" అని కూర్చోబెట్టేవారు.

అంత పట్టింపు మనిషికీ తన సొంత ఇంటి చరిత్రే తెలియదని చాలా కాలానికి విన్నాను. ఆయన అన్న రెండో ప్రపంచయుద్ధంలో సిపాయిగా ఓడెక్కి తూర్పు దేశాలకు వెళ్ళాడు. జాడ తెలియడం లేదని వచ్చిన కాగితాన్ని తల్లి పొయ్యిలో పెట్టింది. మా వైపు భాద్రపద అమావాస్యకు, అంటే పెత్రమాసకు, పోయినవాళ్ళ పేరున చాటలో బియ్యం, కూరగాయలు పెట్టి అయ్యగారికి ఇస్తారు. చావు ఖాయమని తెలిసేదాకా పెద్దకొడుకు పేర ఇవ్వొద్దని ఆమె సారుతో ఒట్టు పెట్టించుకుంది. ఆమె పోయాక కూడా ఆయన ఒట్టు తప్పలేదు. ఏటా తల్లిదండ్రుల పేర ఇచ్చి, అన్న దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేవారు. ఆకలితో ఉన్నాడేమో అని ఆ రోజంతా తనూ సరిగా తినేవారు కాదు.

అందుకే రిటైరయ్యాక భార్యాభర్తలిద్దరూ ఒక ట్రంకుపెట్టె, ఒక కిరోసిన్ స్టవ్ పట్టుకుని బయల్దేరారు. ఏడెనిమిది నెలలు తిరిగారు. ముందు ఇంఫాల్, కోహిమా. తర్వాత మద్రాసులో ఓడెక్కి మలేషియా, అక్కణ్ణించి రైళ్ళలో థాయిలాండు, చివరికి సింగపూర్. జనం గుళ్ళూ బజార్లూ చూసే చోట వీళ్ళు సైనికుల సమాధులు చూశారు.

ఇంఫాల్‌లో సారు సమాధుల మీది పేర్లన్నీ హాజరు పిలిచినట్టు వారం రోజులు చదివారట. మేము పెద్దమ్మ అని పిలిచే ఆయన భార్య గొడుగు పట్టుకుని వెంట నడిచింది. హిందూ సిపాయిలను దహనం చేశారని, వాళ్ళ పేర్లు వేరే రాతి మీద ఉంటాయని చివరికి కాపలాదారు చెప్పాడట. "యుద్ధాలన్నీ చెప్పిన మనిషికి గింత తెల్వది, మనోల్లను కాలుస్తరని" అంటూ ఆయన ఎదుటే పెద్దమ్మ ఎగతాళి చేసేది.

సింగపూర్‌లో, శవం దొరకని సిపాయిల పేర్లు చెక్కిన గోడ మీద అన్న పేరు దొరికింది. మూడు చోట్ల దొరికింది. ఒకే పేరు, ముగ్గురు మనుషులు. తమవాడెవరో చెప్పగల సిపాయి నెంబరు తల్లి కాల్చిన కాగితంతోనే పోయింది. సారు ఆ గోడ కింద కూలబడి ఏడ్చారట. పెద్దమ్మే తేల్చింది.

"ముగ్గురికీ ఇద్దాం. మీ అన్న ఒక్కడే తింటడా ఏంది? పక్కనున్నోల్లను గూడ పిలుస్తడు."

ఆ ఏటి నుంచి తల్లిదండ్రులవి కాక మరో మూడు చాటలు. తెలియని వాళ్ళకు ఏ గోత్రం చెప్పాలని అయ్యగారు సణిగితే, ముగ్గురికీ మాదే చెప్పండి అన్నారు సారు. ఆయన చెప్పిన యుద్ధాల సంవత్సరాలు నాకు ఒక్కటీ గుర్తు లేవు. ఈ మాట మాత్రం మరిచిపోలేను. ఆయన దగ్గర చదువుకోవడం నా అదృష్టం.

ఆయన పోయిన రెండు నెలలకే పెత్రమాస వచ్చింది. పిల్లల్లేరు కనుక చాటలు ఇవ్వడానికి పెద్దమ్మ నన్ను పిలిచింది. పోయి ఏడాది తిరగలేదు కాబట్టి సారు పేర ఈసారి ఇవ్వకూడదని అయ్యగారు ముందే చెప్పారు. సారు తల్లిదండ్రుల చాటలు ఇచ్చేశాక, వసారాలో మూడు చాటల నిండా బియ్యం, బీరకాయలు, చింతపండు. పక్కన తుడిచిపెట్టిన ఖాళీ చాట ఒకటి. నేను దానివైపే చూస్తుంటే పెద్దమ్మ అంది:

"చిన్నోడే గద బిడ్డా. అన్నలు తిన్నంక తింటడు."

అని ఆ ఖాళీ చాటను మిగతా మూడింటికి ఆనేలా జరిపింది.