ఇన్‌స్పెక్టర్‌కి కాఫీ ఇవ్వని మధ్యాహ్నం

1983 జనవరిలో ఒక గురువారం సాయంత్రం ఐదింటికి న్యూయార్క్‌లో డెట్రాయిట్ బస్సెక్కాను. టికెట్ అరవై డాలర్లు. ఆ దగ్గర్లోని పార్సిప్పనీలో నా ఆఫీసుకి సెలవు పెట్టించింది మా పెద్దమ్మ ఫోను. ఆవిడ నర్సుగా రిటైరై, డెట్రాయిట్‌లో వృద్ధుల అపార్ట్‌మెంట్లలో ఒక్కతే ఉంటోంది.

"హీటింగ్ సరిగా రావట్లేదురా. హౌసింగ్ ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు వచ్చి అంతా బాగుందని రాసి పోయాడు. శుక్రవారం మళ్ళీ వస్తాడు. ఈసారీ బాగుందంటే కంప్లయింట్ క్లోజ్ చేసేస్తారట."

పక్క సీట్లో టోలీడో వెళ్ళే ముసలాయన కిటికీలోంచి మంచు చూపించి, "నా వయసొస్తే చలి ఎముకల్లో కాపురం పెడుతుంది" అన్నాడు. పొద్దున్న ఆయన దిగిన చోటే డోనట్, నీళ్ళలాంటి కాఫీ కానిచ్చాను.

పదింటికి పెద్దమ్మ తలుపు తీసింది. గది వెచ్చగా ఉంది! నాకు ఒళ్ళు మండింది. ఇందుకా రాత్రంతా బస్సులో నడుం విరగ్గొట్టుకున్నది? వంటింట్లోకి వెళ్తే సంగతి తెలిసింది. గ్యాస్ ఓవెన్ తలుపు బార్లా తెరిచి ఉంది, నాలుగు బర్నర్లూ వెలుగుతున్నాయి. పక్క ఫ్లాట్ హెలెన్ గారు కేకు కోస్తోంది. వాళ్ళింట్లోనూ ఇదే వరసట.

"ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడల్లా ఇంతేనా పెద్దమ్మా?"

"మరి? ఇంటికొచ్చిన మనిషిని చలిలో కూర్చోబెడతామట్రా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మిగతా రోజులు దుప్పట్లలో వణికే ఈ పెద్దవాళ్ళు, మర్యాదకి పోయి తమ నోట్లో తామే మట్టి కొట్టుకుంటున్నారు. హెలెన్ గారూ నేనూ ప్రతి తలుపూ తట్టి పొయ్యిలు ఆర్పించాం.

రెండింటికి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. థర్మామీటర్ యాభై ఒకటి ఫారెన్‌హీట్ దగ్గర, అంటే మన లెక్కలో పది డిగ్రీల దగ్గర ఆగింది. విప్పబోయిన కోటుకి మళ్ళీ బొత్తాలు పెట్టుకున్నాడు. పెద్దమ్మ చలికి ఓర్చుకుంది గానీ, అతనికి కాఫీ ఇవ్వకుండా కూర్చోవడం ఆవిడకి ప్రాణం మీదికొచ్చింది. ఓనరుకి నోటీసు మీద అతను సంతకం పెట్టాడో లేదో, "ఇప్పుడు స్టవ్ వెలిగించొచ్చట్రా?" అని అడిగింది.

శనివారం మెకానిక్‌లు వచ్చి బాయిలర్ బాగుచేశారు. ఆదివారం పొద్దున్నకి గోడ పక్క గొట్టాలు వేడెక్కాయి. హెలెన్ గారు కోటు లేకుండా కారిడార్‌లో నడిచొచ్చి పెద్దమ్మని వాటేసుకుంది. పెద్దమ్మ పెట్టె అడుగునున్న పల్చటి నేత చీర తీసి కట్టుకుంది.

పన్నెండింటి బస్సులో తిరుగు ప్రయాణం. పెద్దవాళ్ళుండే ఇల్లు చూడబోతే ముందు వంటింట్లోకి తొంగిచూడండి, ముందుగదిలో మర్యాద తప్ప మరేదీ కనబడదు. ఈసారి టోలీడోలో ఎక్కి పక్కన కూర్చున్నావిడ చేతులు రుద్దుకుంటూ, "డెట్రాయిట్‌లో చలి బాగా ఉందా?" అని అడిగింది.

"మా పెద్దమ్మకి ఉక్కపోస్తోందండీ" అన్నాను, బస్సంతా వినబడేలా.