గాలి లేని పూట తీసిన ఫొటో

పాత ఫొటోల గదిలో అందరూ ఆమెను భూతద్దం అమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది భర్తే. పెళ్లయిన కొత్తలో, "నా చొక్కా మీద మరక కనిపెట్టినట్టు చెట్లను కనిపెట్టవోయ్, ఉద్యోగం ఇప్పిస్తా" అన్నాడట. ఇప్పించాడు కూడా.

ఇద్దరిదీ ఒకటే పని. ఎప్పుడో బోడిగా మారిన కొండల పాత ఫొటోల్లో అక్కడి సొంత చెట్టయిన దేవదారు ఎక్కడ ఉండేదో గుర్తుపట్టడం. గుర్తుపట్టిన చోటే అడవి శాఖ మళ్లీ దేవదారు నాటేది. ఆ కాలపు కెమెరాకి ఒక్క ఫొటో తీయడానికి చాలాసేపు పట్టేది. ఆలోగా గాలికి ఊగిన ఆకుల చెట్లు అలుక్కుపోయేవి. బిరుసు సూదుల దేవదారు మాత్రం చెక్కినట్టు నిలిచేది. ఇద్దరూ విడివిడిగా చూసేవారు. మాట కలిస్తేనే లెక్క. కలవకపోతే ఇంటిదాకా యుద్ధం.

"కళ్లా, గోళీకాయలా అవి?" అనేదామె.

"నీ కళ్లంత పెద్దవి కావులే. అన్నం పెడతావా, దానికీ భూతద్దం కావాలా?"

అతను పోయాక బల్ల మీద ఒక్క ఫొటో మిగిలింది. జబ్బుతో చూపు మందగించిన రోజుల్లో కొండవాలంతా ఎర్ర మైనపు పెన్సిలుతో సున్నాలు చుట్టాడు. అన్నీ దేవదార్లేనట.

అడవి ఆఫీసరు వచ్చాడు. "మీరూ ఓసారి చూసేయండమ్మా. సార్ చివరి పని కదా, అక్కడ వేసే తోటకి ఆయన పేరే పెడదామనుకుంటున్నాం."

కాదనడానికి ఏమీ దొరక్కూడదని మొక్కుకుంటూ వంగింది. చెట్లన్నీ చెక్కినట్టే ఉన్నాయి. హమ్మయ్య అనుకోబోతుండగా మూలన గుడిసె కనబడింది. దాని పొగ దారం కట్టి లాగినట్టు నిటారుగా లేచింది.

ఆ పూట గాలే లేదు. గాలి లేకపోతే ఏ చెట్టయినా కదలకుండా పడుతుంది. చెట్ల తలలు ఒక్కొక్కటే చూసింది. దేవదారుదైతే మొనదేలి ఉండాలి. అన్నీ గుండ్రంగా, గుబురుగా ఉన్నాయి. ఒక్కటీ దేవదారు కాదు.

"మాట కలిసిందా అమ్మా?"

ఊఁ అంటే చాలు. కాదనేవాళ్లు లేరు.

"లేదు బాబూ. ఆయన పొరబడ్డారు."

"పోనీలెండి, ఎవరికి తెలుస్తుంది?"

"ఊరికే ఊఁ అన్నానని ఆయనకి తెలిస్తే నాతో మాట్లాడరు."

మెత్తని గుడ్డ తీసుకుని సున్నాలు తుడిచింది. అతని చేయి వణికిన చోట గీత మందంగా ఉంది. అక్కడ గట్టిగా రుద్దాల్సి వచ్చింది. ఫొటో శుభ్రపడింది. ఇంటికి వెళ్లే వేళయినా ఆమె బల్ల దగ్గరే కూర్చుంది. ఈ మాట మీద ఆమెతో దెబ్బలాడే మనిషి ఇంట్లో లేడు.