వెలుగు తగ్గిన తీగ

మొన్న మా దీవిలో, ప్రోతరాపూర్‌లోని మా ఇంటికి ఇంటర్నెట్ బాగుచేసే మనిషి వచ్చాడు. తెగిన గాజు తీగ కొసను దూదితో తుడుస్తుంటే స్పిరిట్ వాసన గుప్పుమంది. అంతే, చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేసి లేచాను. వాకిట్లోకీ లోపలికీ తిరుగుతున్నాను. "క్యా హువా దీదీ, జల్దీ చెయ్యాలా?" అన్నాడు పాపం. తొందర నాది కాదు నాయనా, ఆ వాసనది! ఆ వాసనకు నాకు వరలక్ష్మి దీదీ గుర్తొస్తుంది. ఆవిడ గుర్తొచ్చాక నేను కుదురుగా కూర్చోవడం కల్ల.

దీదీ డెలానీపూర్ క్వార్టర్స్‌లో ఉండే ఇంజనీరు. పడవలు బాగుచేసే ఒక వర్క్‌షాపులో రేడియేషన్ భద్రత చూసేది. నేను ఆవిడ కింద టెక్నీషియన్ని. పడవ అడుగున వేసిన వెల్డింగ్ లోపల పగుళ్లున్నాయేమోనని గామా కిరణాలతో ఫొటో తీస్తారు. ఆ కాసేపు చుట్టుపక్కల మనిషి ఉండకూడదు. ఎవరికెంత రేడియేషన్ తగిలిందో కొలిచే బిళ్లలు పనివాళ్ల చొక్కాలకు ఉండేవి. కాని వాటిని చూడాలంటే సముద్రం దాటించి మెయిన్‌లాండ్ పంపాలి, జవాబు రావడానికి వారాలు. "ఇవాళ ఏమైందో ఇవాళే తెలియకపోతే ఇంకెందుకే?" అని ఆవిడ ఒకటే సణుగుడు. చివరికి పోరి పోరి ఒక గాజు తీగ తెప్పించింది. దాన్ని ఫొటో తీసే చోటు చుట్టూ కట్టి, ఒక కొస నుంచి వెలుగు పంపి, రెండో కొసకు ఎంత చేరిందో కొలవడం మా పని. రేడియేషన్ తగిలితే గాజు లోపల మసకబారి వెలుగు తగ్గుతుంది. రోజూ పొద్దున్నే ఆ కొసలను స్పిరిట్‌తో తుడిచేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఫొటోలు తీయడం అయ్యాక చూస్తే వెలుగు బాగా పడిపోయి ఉంది. చేత్తో పట్టుకు తిరిగే మీటరేమో ఏమీ లేదంది. అది ఇప్పటి సంగతే చెబుతుంది. తీగ చెప్పేది జరిగిపోయిన సంగతి. సరిగ్గా అప్పుడే టార్పాలిన్ వెనక నుంచి మా తమ్ముడు సింహాచలం కళ్లు నులుముకుంటూ వచ్చాడు. అక్కడ రంగులు వేసే పని వాడిది. తీగ కట్టిన స్తంభానికి ఆనుకుని, అన్నం తిని నిద్రపోయాడట. అందరినీ బయటికి పంపామనుకున్నాం. వాడికి పెళ్లయి ఏడాది కూడా కాలేదు.

"కేబుల్ ఖరాబ్ హై మేడమ్, బస్. రేపు బోటు పోవాలి. ఫీనిక్స్ బే జెట్టీలో జనం నన్ను చంపేస్తారు" అన్నాడు మేనేజరు.

"కేబులే కావచ్చు. అది తేలేదాకా మనిషికి తగిలిందనే అనుకుంటాను. కామ్ బంద్" అంది దీదీ.

"నాకేటవుద్ది దీదీ? సచ్ బోలో" అన్నాడు తమ్ముడు.

"తెలీదు సింహాచలం."

నాకు ఒళ్లు మండిపోయింది. ఏమీ కాదులే అని ఒక్క మాటంటే ఆవిడ సొమ్మేం పోయింది! ఆవిడ అప్పటికే తీగ పొడవునా వేలితో తడుముకుంటూ బయల్దేరింది. వెనకాలే నేను, కాలు కాలిన పిల్లిలా. స్తంభం వెనక దొరికింది. వదులుగా వేలాడాల్సిన తీగను ఎవరో బిగించి చుట్టి, పడవ తాడుకు వేసే ముడి వేశారు. గాజు తీగను అంత గట్టిగా వంచితే వెలుగు పక్కకు కారిపోతుంది. రేడియేషన్ లేకపోయినా లెక్క తగ్గుతుంది.

"నానే ఏసినాను. తాడలాగ ఏలాడతంటే మా అయ్య సంపేసీవోడు గదా. సూడలేక సుట్టేసినాను" అన్నాడు తమ్ముడు బిక్కమొహంతో. అవును మరి, వేటకెళ్లే ఇంట్లో పుట్టిన చేతులు.

ముడి విప్పగానే వెలుగు లేచింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి నాకు. మేనేజరు బోటు వాళ్లకు ఫోన్ చెయ్యబోయాడు. దీదీ మాత్రం వెలుగు లెక్క చూపే తెర ముందు నుంచి కదల్లేదు.

"పొద్దున్నున్నంత రాలేదు. రవ్వంత తక్కువుంది."

"ఆ రవ్వంతకా మేడమ్?"

"ముడి వల్ల గాజు దెబ్బతిందేమో, కిరణాలేమో. నాకు తెలీదు. వాడి బిళ్ల పంపిద్దాం. జవాబు వచ్చేదాకా పని బంద్."

బోటు కదల్లేదు. ఇంకో బోటు సర్దేదాకా జెట్టీ క్యూలో ఆవిడకు శాపనార్థాలే. తమ్ముడికి రక్తపరీక్షలు చేయించింది. రోజూ సాయంత్రం బస్సెక్కి మా ఇంటికి వచ్చేది. ఎంత బతిమాలినా కూర్చునేది కాదు. గుమ్మంలో నిలబడి, అన్నం తిన్నాడా, వాంతులేమైనా అయ్యాయా అని అడిగి వెళ్లిపోయేది. ఆవిడ గొంతు వినగానే వీడు పెరటి దారిన జారుకునేవాడు. ఇల్లంతా ముళ్ల మీద ఉంది. మరదలు ముద్ద మింగలేకపోయేది. నేను రాత్రుళ్లు వాడి ఊపిరి వింటూ పడుకునేదాన్ని.

చివరికి ఒక సాయంత్రం దీదీ జవాబు పట్టుకుని వచ్చింది. బిళ్లలో ఏమీ లేదు. అప్పుడు పేలాడు మా తమ్ముడు.

"ఏటీ నేదా! ఇన్నాళ్లు మా ఇంట్లో ఒక్కరికి నిద్ర నేదు. నా పెళ్లాం ఏడ్సి ఏడ్సి సగమైపోనాది. మీ తీగొక ఎర్రి తీగ, మీరొక పాగల్ మనిషి!" నోటికెంతొస్తే అంత అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయి నేను వాడి నోరు మూయబోతే దీదీ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"తిట్టనీవే. తిట్టడానికి వాడున్నాడు."

అని, మొదటిసారి మా ఇంట్లో కూర్చుంది. మంచినీళ్లడిగింది. గుక్క తిప్పుకోకుండా మూడు గ్లాసులు తాగేస్తుంటే ఆవిడ ఎంత భయపడిందో అప్పుడు తెలిసింది నాకు.

దీదీ రిటైరై వెళ్లి చాలా కాలమైంది. ఆ కుర్చీ ఇప్పుడు నాది. పేరుకే కుర్చీ, కూర్చునేది తక్కువ. "ఏమీ కాదులే" అనే మాట నా నోట రాదని మా ఇంట్లో పిల్లలకు కూడా కోపమే. పోయిన వారం లెక్క తేడాగా కనిపిస్తే మళ్లీ పని ఆపించాను. తీరా చూస్తే తీగ మీద ఎవరో నిచ్చెన ఆనించారు, అంతే. పనివాళ్లు నన్ను తిట్టుకుంటూ గేటు దాటారు. నేను అక్కడే నిలబడి అన్నీ విన్నాను. తిట్టుకుంటూనే, ఒక్కొక్కరే, అందరూ ఇళ్లకు వెళ్లారు.