రాఘవరెడ్డి సార్ కారులో ముందు సీటు

మొన్న మిర్యాలగూడలో ఒక పెళ్లికి వెళ్లాను. పెళ్లికొడుకును ఊరేగించడానికి ఎవరో పాత అంబాసిడర్‌ను తళతళలాడేలా తుడిచి, బంతిపూల దండలు వేసి ఫంక్షన్ హాలు ముందు నిలబెట్టారు. ఎండ మండిపోతోంది. దాని తలుపులు బార్లా తెరిచి ఉంచారు. పక్కనుంచి వెళ్తుంటే వేడెక్కిన రెగ్జిన్, పెట్రోలు కలిసిన వాసన ఒక్కసారిగా ముఖానికి కొట్టింది. నాకు తెలియకుండానే నా కుడిచెయ్యి ఎడమ భుజం మీదికి వెళ్లి అక్కడ లేని పట్టీని వెతికింది. పక్కన నడుస్తున్నావిడ "ఏమైంది మేడం, నొప్పా?" అని అడిగింది. ఏమీ లేదని చెప్పి లోపలికి నడిచాను.

నేను సూర్యాపేటలో వకీలును. నాకు ఈ పని నేర్పింది రాఘవరెడ్డి సార్. ఆయన్ని చూడని వాళ్లకు ముందుగా ఆయన గొంతు గురించి చెప్పాలి. మైకు అవసరం లేని గొంతు అది. కోర్టు హాల్లో ఆయన వాదన మొదలుపెడితే బయట టీ బండి దగ్గర నిలబడ్డవాళ్లకు కూడా ప్రతి మాటా వినిపించేది. కేసు గెలవడానికి సగం బలం ఆ గొంతేనని తోటి వకీళ్లు అసూయగా అనేవాళ్లు. నాలాంటి జూనియర్‌ను ఆయన తన దగ్గర చేర్చుకోవడం అప్పట్లో చాలామందికి వింతగా తోచింది. మాది ఆత్మకూర్ (ఎస్) మండలంలో ఒక పల్లె. మా అమ్మానాన్న కూలికి పోయిన పొలాల్లో సార్ వాళ్ల చుట్టాలవి కూడా ఉన్నాయి. ఆదివారం చర్చికి, మిగతా రోజులు నాట్లకు, కోతలకు. మా ఇంట్లో అప్పటిదాకా కారెక్కినవాళ్లు లేరు.

మొదటిరోజు కోదాడ కోర్టుకు బయలుదేరినప్పుడు నేను వెనక తలుపు తెరిచాను. సార్ స్టీరింగ్ దగ్గర కూర్చుని అద్దంలోంచి చూశారు.

"గాడ కూసుంటే నీతోటి మాట్లాడేతందుకు నేను మెడ తిప్పాలె సుజాతా. ముందుకు రా."

ఆ పాత అంబాసిడర్ వాళ్ల నాన్నగారిది. వరండాలో నిలబడ్డ సార్ తమ్ముడు మాధవరెడ్డి గారు నేను ముందుకు వచ్చి కూర్చోవడం చూశారు. "అన్నా, అది నాయిన కూసున్న సీటు" అన్నారు, నాకు వినపడుతుందని తెలిసే. సార్ ఇంజన్ స్టార్ట్ చేస్తూ, "నాయిన లేడు కదరా. సీటు ఖాళీగున్నది" అన్నారు. అంతే. దారిపొడుగునా ఆ సంగతి ఎత్తకుండా కేసు గురించే మాట్లాడారు. నేను మాత్రం ఆ సీటులో వీపు ఆనించకుండా, అంచున కూర్చుని కోదాడ దాకా వెళ్లాను. ఆ బెరుకు పోవడానికి చాలా కాలం పట్టింది.

ఆ కారంటే సార్‌కు ప్రాణం. స్టీరింగ్ పక్కనే గేరు, ముందు ఒకటే పొడుగాటి సీటు, గుండ్రటి హెడ్‌లైట్లు, అన్నీ కొన్ననాటివే. హైదరాబాద్‌లో పాత కార్ల ప్రదర్శనకు ఒకసారి తీసుకెళ్లి మెచ్చుకోళ్లు కూడా తెచ్చుకున్నారు. ఆ కాలం కారు కనుక దానికి సీటు బెల్టులు లేవు. పెట్టించమని నేనొకసారి అంటే నవ్వేశారు. "నాయిన కారుకు ఒక్క తూటు పడనియ్య. అయినా నేను నడిపేటప్పుడు నీకేం భయం?" అన్నారు. నిజానికి ఆయన జాగ్రత్తగానే నడిపేవారు. ఎదుటివాళ్లూ అట్లా నడపాలి కదా.

నేను ఆరు నెలల గర్భంతో ఉన్నప్పుడు ఒకరోజు మిర్యాలగూడ కోర్టు నుంచి నేరేడుచర్ల మీదుగా తిరిగి వస్తున్నాం. మలుపులో వడ్ల బస్తాల ట్రాక్టర్ ఒకటి హఠాత్తుగా అడ్డం తిరిగింది. సార్ బ్రేకు మీద నిలబడ్డట్టే తొక్కారు. నేను రెండు చేతులూ కడుపు మీద పెట్టుకున్నాను. ఇంక పట్టుకోవడానికి చేతులు లేవు. నుదురు వెళ్లి ముందున్న డాష్‌బోర్డుకు కొట్టుకుంది. కారు ట్రాక్టర్‌కు తగలకుండానే ఆగింది. సార్ ఇంజన్ ఆపేసి నా వైపు చూశారు. నుదుటి మీద బొప్పి కడుతోంది. "లోపల మంచిగనే ఉన్నదా?" అని అడిగారు. ఆ గొంతు అంత సన్నగా వినడం నాకు అదే మొదటిసారి. బాగానే ఉందన్నాను. ఇంటిదాకా ఆ ట్రాక్టర్ కన్నా నెమ్మదిగా నడిపారు.

మర్నాడే కోదాడలో మెకానిక్ సైదులు షెడ్డులో కారు పెట్టించారు. పాత కారుకు బెల్టు పెట్టడమంటే నాలుగు బోల్టులు బిగించడం కాదని నాకు అక్కడే తెలిసింది. గుద్దుకున్నప్పుడు మనిషి బరువంతా ఆ బోల్టుల మీదే పడుతుంది. అందుకని కింద ఇనుప పలకలు వెల్డింగ్ చేసి, రెండు తలుపుల మధ్య నిలువుగా ఉండే స్తంభంలో పై కొస బిగించాలి. సార్, సైదులు ఇద్దరూ కారు అవతలి వైపు చాలాసేపు తగ్గు గొంతుతో మాట్లాడుకున్నారు. నేను దూరంగా స్టూలు మీద కూర్చుని సోడా తాగుతున్నాను. సాయంత్రానికి నా వైపు భుజం మీదుగా వచ్చే బెల్టు అమరింది. సార్ వైపు నడుముకు మాత్రమే పట్టీ ఉంది. అదేమిటని అడిగాను.

"భుజం మీదిది ఈ పొట్టకు అడ్డమొస్తది. నాకు నడుముకే సాలు" అని పొట్ట తట్టుకున్నారు. నేను నమ్మాను.

ఇంటికి వచ్చాక మాధవరెడ్డి గారు కారు చుట్టూ తిరిగి చూసి, "ఎవరి కోసం అన్నా, నాయిన కారును గిట్ల కోసినవ్?" అని అరిచారు. సార్ కారు తలుపు మూసి లోపలికి వెళ్లారు. మరుసటి ఉదయం నుంచి నేను పట్టీ పెట్టుకునేదాకా కారు కదిలేది కాదు. "కడుపు కింద నుంచి పోనీ, మీద నుంచి కాదు. డాక్టరమ్మను అడిగొచ్చిన" అని చెప్పారు. ఎంత ఆలస్యమైనా సరే, ఆ పట్టీని రెండుసార్లు లాగి చూసేవారు.

కోర్టు వేసవి సెలవులకు ఇంకా కొన్నాళ్లుందనగా, ఒక ఉదయం మునగాల దాటాక అది జరిగింది. ధాబా ముందు ఆగిన లారీ ఒకటి వెనకాముందూ చూసుకోకుండా రోడ్డు మీదికి వచ్చేసింది. సార్ బ్రేకు తొక్కారు. కారు ఒక పక్కకు లాగింది. ఆయన స్టీరింగ్‌ను నా వైపుకు తిప్పడం, లారీ వెనక భాగం అద్దం నిండా కనిపించడం గుర్తుంది. తర్వాత చెవులు మూసుకుపోయేంత శబ్దం. ఎడమ భుజం నుంచి నడుము దాకా ఎవరో మోకు వేసి వెనక్కి గుంజినట్టయింది. ఊపిరి ఆడలేదు. కళ్లు తెరిచేసరికి ఒళ్లంతా గాజు పెంకులు. నేను మాత్రం సీటులోనే ఉన్నాను.

సార్ స్టీరింగ్ మీద ఒరిగి ఉన్నారు. నడుము పట్టీ ఆయన్ని సీటులో ఉంచింది గాని, పై భాగం ముందుకు విసురుగా వెళ్లి గొంతు స్టీరింగ్ అంచుకు తగిలింది. మెల్లగా తల తిప్పి నా వైపు చూశారు. పెదవులు కదులుతున్నాయి, శబ్దం రావడం లేదు. గరగరమని గాలి మాత్రం వస్తోంది. చెయ్యి ఎత్తి నా కడుపు వైపు చూపించారు. నేను చెయ్యి పెట్టుకుని చూసుకున్నాను. కదలికేమీ తెలియలేదు. ఆయన చూపు నా చెయ్యి మీది నుంచి కదలలేదు. ధాబాలోవాళ్లు పరుగెత్తుకొచ్చి తలుపు గుంజుతున్నారు. అప్పుడు లోపల ఒక్క తన్ను.

"కదులుతోంది సార్" అన్నాను. ఆయన కళ్లు మూసుకున్నారు.

నన్ను సూర్యాపేట దవాఖానలో పరీక్షించి, ఎముకలు విరగలేదు, బిడ్డ బాగుందన్నారు. సార్‌ను హైదరాబాద్ తీసుకెళ్లారు. సాయంత్రం సైదులు వచ్చి నా మంచం పక్కన నిలబడి ఏడ్చేశాడు. "ఆ కుడి పక్క స్తంభం లోపలంతా తుప్పు తినేసిందమ్మా. కోసి కొత్త రేకు పెట్టాలి, బండి కొన్నాళ్లు వదిలిపెట్టండని చెప్పానండి. ఎడమ పక్క గట్టిగా ఉందా అని అడిగారు. ఉందండి అన్నాను. అయితే అది ఇవాళే బిగించు, నాది సెలవుల్లో చూద్దాం అన్నారు. మీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు."

నాకు ముందు వచ్చింది కృతజ్ఞత కాదు, కోపం. ఆ కొన్నాళ్లూ కారు అక్కడే వదిలేస్తే ఏమయ్యేది? ఆపరేషన్లన్నీ అయ్యి సార్ ఇల్లు చేరాక, మూడో నెల పాపను ఎత్తుకుని వెళ్లి అదే అడిగాను. ఆయనకు గొంతు లేదు. చెవి దగ్గర పెడితే తప్ప వినపడని బొంగురు ఒకటి మిగిలింది. "బస్సుల నిలవడి వస్తవని..." అని ఆగి, ఊపిరి తీసుకుని, "తప్పే. కొన్నొద్దులే కద అనుకున్న" అన్నారు. పాప వేళ్లు ఆయన వేలి చుట్టూ బిగుసుకున్నాయి.

కోదాడలో మల్లమ్మ అనే ముసలావిడ ఇల్లు ఖాళీ చేయించాలన్న కేసు మరుసటి ఎండాకాలానికి వాదనల దాకా వచ్చింది. మల్లమ్మ తరఫున మొదటినుంచీ సారే. నేను వాదిస్తానన్నాను. "ఇది నాది. ఇగ ముందటొచ్చేటియి నీయి" అన్నారు. ఆ రోజు మాధవరెడ్డి గారు తన కొత్త కారు తీసి, నాకు ముందు తలుపు తెరిచారు. "కూసో అమ్మా. అన్న వెనక ఒరుగుతడట" అన్నారు. నా ముఖం వైపు చూడకుండానే, నేను పట్టీ పెట్టుకునేదాకా ఆగారు.

ఎదుటి వకీలు చాలాసేపు గట్టిగా వాదించి కూర్చున్నాడు. సార్ లేచారు. మొదటి వాక్యం ఎవరికీ వినపడలేదు. వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. సార్ మెడ మీద నరాలు ఉబ్బాయి. మళ్లీ మొదలుపెట్టారు. గాలి తప్ప మాట రాలేదు. నేను సగం లేచాను. ఆయన చెయ్యి వెనక్కి వచ్చి నన్ను కూర్చోమంది. జడ్జి గారు కలం పక్కన పెట్టి, "ఫ్యాన్లు ఆపండి" అన్నారు.

మండుటెండల రోజులు. ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆగాయి. అందరికీ చెమటలు కారుతున్నా ఒక్కరూ బయటికి పోలేదు. ఎదుటి వకీలు కూడా ముందుకు వంగి విన్నాడు. మల్లమ్మ ఆ ఇంట్లో ఎట్లా బతికిందో, దాన్ని ఎవరు ఎందుకు అడుగుతున్నారో సార్ ఒక్కో మాటా ఏరి ఏరి చెప్పారు. అనవసరమైన మాటకు ఆయన దగ్గర ఊపిరి లేదు. తీర్పు మల్లమ్మకే వచ్చింది.

సార్ ఇప్పుడు లేరు. ఆయన దగ్గరున్న ఏళ్లలో నేను నేర్చుకోవాలనుకున్నది ఆ పెద్ద గొంతునే, అది నాకు రాలేదు. ఎదుటివాళ్లు గొంతు పెంచినప్పుడు నేను తగ్గిస్తాను. చెప్పాల్సినదాంట్లోంచి సగం తీసేసి, మిగిలింది నిదానంగా చెబుతాను. హాలు మెల్లగా సద్దుమణుగుతుంది. ఆ నిశ్శబ్దంలో నిలబడి మాట్లాడటానికి నాకు భయం వేయదు.