రోలర్ దేవన్న కారు బేరం

అరబ్బు ఎడారిలోని బురైదా ఊరి చుట్టూ ఖర్జూర తోటలకు పోయే రోడ్లలో చాలావాటిని చదును చేసింది దేవన్నే. జగిత్యాల జిల్లా నుంచి వచ్చి పదిహేడేళ్ళయింది. మొదటి ఏడాది పార పట్టాడు. రెండో ఏడాది రోడ్డు రోలర్ ఎక్కాడు, ఇంకా దిగలేదు. వేడి తారు మీద గంటకు ఐదు కిలోమీటర్ల వేగంతో ముందుకు పోవడం, అదే దారిన వెనక్కి రావడం, మళ్ళీ ముందుకు పోవడం ఆయన పని. ఒకసారి క్యాంపులో ఎవరో సరదాకి లెక్కగట్టి, దేవన్న రోలర్ మీదనే భూగోళాన్ని రెండుసార్లు చుట్టి ఉంటాడని తేల్చారు. ఆ మాటకు ఆయన పొంగిపోలేదు. మధ్యలో డీజిల్ ఎక్కడ పోయించుకున్నానో కూడా చెప్పమన్నాడు.

వయసు నలభై ఏడు. పొట్టి మనిషి, గట్టి మనిషి. దేనికీ తొందరపడడు. మెస్సులో అందరూ తిని చేతులు కడుక్కునేసరికి ఆయన ఇంకా పప్పు కలుపుకుంటూ ఉంటాడు. అటువంటి మనిషికి స్పోర్ట్స్ కారు మీద మనసు పోయిందంటే క్యాంపులో ఎవరూ నమ్మలేదు.

జరిగింది ఏమిటంటే, ఆ చలికాలంలో వాళ్ళ కంపెనీ ఊరి బయట నుంచి తోటల వైపు పదకొండు కిలోమీటర్ల కొత్త రోడ్డు వేసింది. నాలుగు నెలల పని. ఆఖరి రోజున అడ్డంగా పెట్టిన డ్రమ్ములు తీసేశారు. రోలర్‌ను ఎక్కించుకుపోయే ట్రైలర్ కోసం దేవన్న రోడ్డు పక్కన ఎదురు చూస్తున్నాడు. అప్పుడు మొట్టమొదటి బండిగా నేలకు ఆనినట్టున్న ఒక చిన్న నీలం కారు, గుడ్డ చింపినట్టు చప్పుడు చేస్తూ ఆయన ముందు నుంచి పోయింది. ఆయన నీళ్ళ సీసా మూత తీసి, రెండు గుక్కలు తాగి, మూత పెట్టేలోపు అది కనిపించకుండా పోయింది.

దేవన్నకు కోపం రాలేదు. ఒక అనుమానం వచ్చింది. ఆ కారులో కూర్చున్నవాడికి నా రోడ్డు ఎట్లా అనిపించి ఉంటుంది? పదిహేడేళ్ళలో తాను చదును చేసిన ఏ రోడ్డు మీదా ఆయన వేగంగా బండి నడిపి ఎరగడు. లైసెన్సు ఉంది. కంపెనీయే తీయించింది. కానీ అది సైటులో పికప్ అటూ ఇటూ జరపడానికే పనికొచ్చింది. పనికి పోవడమూ రావడమూ కంపెనీ బస్సులోనే. బస్సెక్కితే అందరిలాగే నిద్ర.

ఈ సంగతి మొదట విన్నవాడు యాదగిరి. కామారెడ్డి వైపు వాడు, దేవన్న కంటే పన్నెండేళ్ళు చిన్న, ఇద్దరిదీ ఒకే గది. యంత్రం పోసిన తారును అంచుల్లో ఇనుప దంతెతో సర్దడం అతని పని. ఫోనులో వీడియోలు చూసి కార్ల గురించి చాలా తెలుసుకున్నాడు. తీసుకుంటే పెద్ద కారే తీసుకోవాలని, గేర్లు లేనిదీ సీట్లు మెత్తగా ఉన్నదీ చూడాలని చెప్పి, సెలవు రోజైన శుక్రవారం పొద్దున దేవన్నను పాత కార్లు అమ్మే చోటికి తీసుకెళ్ళాడు.

అక్కడ అమ్మకాలు చూసే మనిషి నౌమాన్. సియాల్‌కోట్ నుంచి వచ్చినవాడు, తేనె పూసిన నోరు. లోకంలో ప్రతి మనిషికీ సరిపోయే కారు ఒకటి ఎక్కడో ఉంటుందని అతని నమ్మకం. ఒక పెద్ద తెల్లకారు తాళాలు ఇచ్చి, పక్కన కూర్చున్నాడు. దేవన్న ఊరి చుట్టూ ఒక చుట్టు తిప్పి తెచ్చి, దిగి, తనకేమీ తెలియలేదన్నాడు. ఆ కారు గొప్పతనమే అదని నౌమాన్ మురిసిపోయాడు.

"పరుపు మీద పండుకోబెట్టి రోడ్డెట్లున్నదో చెప్పమంటే ఎట్ల చెప్పాలె?" అని దేవన్న యాదగిరిని అడిగాడు.

మా అన్నకు రోడ్డు తెలిసే కారు కావాలని యాదగిరి హిందీలో చెప్పాడు. ఇన్నేళ్ళ వ్యాపారంలో నౌమాన్ రోడ్డు తెలియకుండా ఉండే కారు అడిగినవాళ్ళనే చూశాడు, తెలిసే కారు అడిగిన మనిషి ఇతనే. ఆలోచించి, వెనక వరుసలోంచి ఒక ఎర్రటి చిన్న కారు తీయించాడు. డిక్కీ తలుపు వెనక అద్దంతో సహా పైకి లేచే రకం. నేలబారుగా ఉంది, స్ప్రింగులు బిగుతు, గేర్లు చేత్తో వేసుకోవాలి. అంతకుముందు అది ఒక కాలేజీ కుర్రాడిదట. ఇంటి గేటు రెండుసార్లు మార్పించాక వాళ్ళ నాన్న అమ్మించేశాడట.

రోలర్ అయితే పైకి ఎక్కాలి. ఇందులోకి కిందికి దిగాలి. దేవన్న ముందు ఒక కాలు పెట్టాడు, తర్వాత తల పెట్టాడు, మిగతా మనిషిని యాదగిరి బయటి నుంచి సర్దాడు. నౌమాన్ ఈసారి వెనక కూర్చున్నాడు.

దేవన్న రెండో గేరులో, ముప్పై వేగంతో, ముక్కుసూటిగా పోయాడు. పోతూ పోతూ ప్రతి రెండు నిమిషాలకు ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూశాడు. రోలర్ నడిపేవాడు అట్లా చూడకపోతే వెనక పనిచేసే మనుషుల మీదికి ఎక్కిస్తాడు, అందుకని ఆ అలవాటు. సంగతి తెలియని నౌమాన్, తననే చూస్తున్నాడనుకొని చూసినప్పుడల్లా మర్యాదగా నవ్వాడు. పది నవ్వులయ్యేసరికి అతనికి దవడలు నొప్పి పుట్టాయి. గొర్రెల లోడుతో పోతున్న లారీ ఒకటి వాళ్ళను దాటింది. గొర్రెలన్నీ తలలు తిప్పి కారు వైపు చూశాయి. ఇక నౌమాన్ ఆగలేకపోయాడు.

"భాయ్ సాబ్, ఇస్ మే తీస్రా గేర్ భీ హై," అన్నాడు. మూడో గేరు కూడా ఉందని దేవన్నకు తెలుసు. ఆయన వేరే పనిలో ఉన్నాడు. సీటు కింద నుంచి రోడ్డు ఆయన నడుముకు ఒక్కొక్క మాటే చెబుతోంది. ఇక్కడ తారు చల్లారాక తొక్కారు, ఇక్కడ పైపు కోసం తవ్వి సరిగ్గా పూడ్చలేదు, ఇక్కడ రెండు రోజుల పని అతుకు కలవలేదు అని ఆయన పైకి చెబుతుంటే, యాదగిరి నౌమాన్‌కు హిందీలో చెప్పాడు. రోజూ తిరిగే రోడ్డులో ఇన్ని తప్పులున్నాయని నౌమాన్‌కు ఆ రోజే తెలిసింది. ఇది తాము వేసిన రోడ్డు కాదని దేవన్న ప్రత్యేకంగా చెప్పించాడు.

వచ్చే శుక్రవారం సొంత రోడ్డు మీద నడిపి చూశాకే మాట చెబుతానని వచ్చేశాడు. ఆ వారమంతా క్యాంపులో ఇదే చర్చ. ఈ వయసులో ఎర్రకారేమిటని కొందరు అన్నారు. ఎర్ర కార్లను కెమెరాలు ఎక్కువ పట్టుకుంటాయని ఇంకొకరు ఎక్కడో విన్నారు. వెనక సీట్లో నౌమాన్ మోకాళ్ళు గడ్డానికి తగలడం చూసిన యాదగిరి కూడా ఎదురు తిరిగాడు. పనికి బస్సు ఉంది, తిండికి మెస్సు ఉంది, ఆ కారులో ఎక్కడికి పోతావని అడిగాడు. ఆ రోడ్డు మీదికి పోతానన్నాడు దేవన్న. ఆ తర్వాత ఎక్కడికంటే, తిరిగి వస్తానన్నాడు.

ఇంటి దగ్గర భార్య జయకు చెప్పడం ఇంకా కష్టమైంది. ఆమె బీడీలు చుడుతూ, ఫోనును డబ్బాకు ఆనించి వీడియోలో మాట్లాడుతుంది. రెండు రోజులు వానల గురించి అడిగి, మూడో రోజు కారు సంగతి బయటపెట్టాడు. ఆమె ఆకు కత్తిరించడం ఆపలేదు. ఎందరు కూర్చోవచ్చని అడిగింది. నలుగురన్నాడు.

"నువ్వు ఒక్కనివే గద. కడమ ముగ్గురు ఎవ్వరు?"

ఆయన మళ్ళీ వానల గురించి అడిగాడు. సరే, కొనేముందు తనకు కూడా చూపించమంది జయ.

అట్లా రెండో శుక్రవారం జయ కూడా ఫోనులో ఎక్కింది. ఈసారి ముందు సీట్లో కూర్చున్న నౌమాన్‌కు ఆ ఫోను పట్టుకునే పని పడింది. పరాయి మనిషి భార్యను అట్లా చూస్తూ కూర్చోవడం మర్యాద కాదని అతను ఫోనును పక్క కిటికీ వైపు తిప్పి పట్టుకున్నాడు. దాంతో జయకు ఇసుక, ఖర్జూరపు చెట్లు, మళ్ళీ ఇసుక తప్ప ఇంకేమీ కనిపించలేదు.

"చెట్లే అవుపడుతున్నయి. కారేది?" అని ఆమె గొంతు రెండుసార్లు వినిపించింది. నౌమాన్‌కు తెలుగు రాదు. మెచ్చుకుంటోందనుకొని తల ఊపాడు.

మూడో కిలోమీటరు దాటాక దేవన్న నాలుగో గేరు వేశాడు. వేగం ఎనభై దాటింది, తొంభై దాటింది. చక్రాల కింద రోడ్డు ఒకే శ్రుతిలో పాడుతోంది. ఎక్కడా అదురు లేదు, అతుకు లేదు. ఆయన వెనక్కి తిరిగి చూడడం మానేశాడు. బడి వార్షికోత్సవంలో కూతురు తడబడకుండా పద్యం చెబుతుంటే వినే తండ్రిలాగా అయిపోయాడని యాదగిరి తర్వాత చెప్పాడు.

ఏడో కిలోమీటరు దగ్గర కారు దబ్బుమంది. యాదగిరి తల పైకప్పుకు తగిలింది.

దేవన్న కారును పక్కకు తీసి ఆపాడు. దిగి వెనక్కి నడిచి, వచ్చే బండి ఏదీ లేదని చూసుకొని, రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తర్వాత చెంప రోడ్డుకు ఆనించాడు. నౌమాన్ మొదట టైరు పేలిందనుకున్నాడు, తర్వాత గుండె నొప్పి అనుకున్నాడు. నీళ్ళ సీసా పట్టుకొని పరుగెత్తాడు. దేవన్న అరచేత్తో రోడ్డును తడుముతున్నాడు. గుంట దొరికింది. గోరెడు లోతు, రోలరుకు చక్రంలా ఉండే ఇనుప డ్రమ్మంత వెడల్పు.

అంచులు సరిగ్గా సర్దలేదని ఆయన యాదగిరిని పట్టుకున్నాడు. యాదగిరికి రోషం వచ్చింది.

"నా దంతె తప్పయితె గడ్డ అయితది, గుంట గాదు. ఇది డ్రమ్ము ఆగిన గుంట. వేడి డాంబర్ మీద రోలర్ ఆపినవ్ అన్నా."

వేడి తారు మీద రోలర్ ఆపకూడదన్నది ఆ పనిలో మొదటి పాఠం. ఆపితే ఆ బరువుకు అక్కడే దిగుతుంది. కొత్తగా వచ్చిన వాళ్ళకు అది నేర్పేది దేవన్నే. తానెన్నడూ ఆపలేదని ఒట్టు పెట్టుకోబోయాడు. అప్పుడు నౌమాన్ చేతిలోని ఫోనులోంచి, చెట్ల వైపు తిరిగి ఉన్న జయ, బండి ఎందుకు ఆగిందని అడిగింది. ఆయన చెప్పాడు. ఆ జాగాలో పని ఏ రోజు జరిగిందని అడిగింది. యాదగిరి గుర్తు చేసుకొని చెప్పాడు.

జయ వేళ్ళ మీద లెక్క పెట్టుకుంది. "బర్రె ఈనిన దినం గద అది. నేను ఫోన్ జేసిన. దుడ్డెను సూపియ్యమంటివి, సూపిచ్చిన."

దేవన్న లేచి రోడ్డు పక్కన ఇసుకలో కూర్చున్నాడు. ఆ రోజు ఫోనులో ఆ దూడ తల్లి పొదుగు వెతుక్కుంటూ రెండుసార్లు పడి లేచింది. అది లేచి నిలబడేదాకా ఆయన చూశాడు. రోలర్ ఆగింది రెండు నిమిషాలే.

ఏమైందని నౌమాన్ అడిగాడు. ఇండియాలో గేదె ఈనినందుకు ఇక్కడ రోడ్డుకు గుంట పడిందని యాదగిరి క్లుప్తంగా చెప్పాడు. నౌమాన్ చాలాసేపు ఆలోచించి, గేదె బాగానే ఉందా అని అడిగాడు.

రోడ్డు చివరిదాకా పోయి తిరిగి వచ్చేటప్పుడు దేవన్న నలభై దాటలేదు. కారు వద్దన్నాడు. ఈ కారు కొంటే పదిహేడేళ్ళుగా తాను చేసిన తప్పులన్నీ ఒక్కొక్కటే నడుముకు తగులుతాయన్నాడు. ధర నచ్చక, రంగు నచ్చక, భార్య ఒప్పుకోక వెనక్కి పోయినవాళ్ళు నౌమాన్‌కు తెలుసు గానీ ఈ కారణం అతనికి కొత్త. అయితే పెద్ద తెల్లకారు తీసుకొమ్మని, అందులో ఏ తప్పూ తెలియదని నచ్చజెప్పాడు. దేవన్న ఆ తెల్లకారు వైపు ఒక క్షణం చూసిన మాట నిజం. తర్వాత బస్సు స్టాపు వైపు నడిచాడు.

ఆ వారం కొత్త సైటులో ఆయనతో వేగడం అందరికీ కష్టమైంది. ఫోను ఆపేసి బస్సులోనే వదిలేశాడు. ఆరుసార్లు తొక్కాల్సిన చోట ఎనిమిదిసార్లు తొక్కాడు. అతుకు దగ్గర దిగి, వంగి చూసి, యాదగిరి చేత మూడుసార్లు గీకించాడు. ఇట్లయితే రోడ్డు ఎప్పటికి అవుతుందని ముదీర్, అంటే సైటు మేనేజరు, అడిగితే, అయినప్పుడు అవుతుందన్నాడు. పదిహేడేళ్ళలో ముదీర్‌కు ఎదురు చెప్పడం అదే మొదలు.

గురువారం సాయంత్రం జయ కారు ఏమైందని అడిగింది. వద్దనుకున్నానన్నాడు. గుంట గురించి మళ్ళీ మొదలుపెట్టబోతే ఆమె ఆపింది.

"గుంట సంగతి ఇన్న. కడమ పది కిలోమీటర్లు ఎట్లున్నయో చెప్పవేంది?"

"మంచిగున్నయి."

"మంచిగంటె ఎట్ల?"

దేవన్న చెప్పడం మొదలుపెట్టాడు. నాలుగో గేరులో చప్పుడు ఎట్లా మారిందో, మలుపు దగ్గర రోడ్డు లోపలి వైపుకు వాలి కారును ఎట్లా పట్టుకుందో, అట్లా వాలేటట్టు చేయడానికి ఎన్ని రోజులు పట్టిందో చెప్పాడు. ఇరవై నిమిషాలు ఆగలేదు. ఆలోపు జయ ఒక కట్ట బీడీలు చుట్టేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఒక్క బిగిన ఇంతసేపు మాట్లాడడం ఆమె వినలేదు.

"కొనుక్కో," అంది. "గని బండి నడిపేటప్పుడు నాకు ఫోన్ జెయ్యకు. నేను జేసినా ఎత్తకు."

మర్నాడు కొనడానికి పోయాడు. కాగితాల మీద సంతకాలు పెట్టేముందు నౌమాన్ పక్కకు తీసుకెళ్ళి, ఇంట్లో ఇంకే గేదె అయినా చూడితో ఉందా అని అడిగాడు. ఎగతాళికి అడగలేదు. తిరిగి తెస్తే పుచ్చుకోనని చెప్పడానికి అడిగాడు.

దేవన్న ఏడో కిలోమీటరు సంగతి స్వయంగా ముదీర్‌కు చెప్పి, బాగు చేయిద్దామన్నాడు. ముదీర్ స్కేలు తెప్పించి కొలిపించి, అంత గుంట ఉండవచ్చని పుస్తకంలోనే రాసి ఉందని చూపించాడు. పుస్తకం నడిపి చూసిందా అని దేవన్న అడిగాడు గానీ, అది తెలుగులో అడిగాడు.

ఇప్పుడు ప్రతి శుక్రవారం తాను తొక్కిన పాత రోడ్లలో ఒక దాని మీదికి పోయివస్తాడు. కొన్నిసార్లు హుషారుగా వస్తాడు, కొన్నిసార్లు మొహం వేలాడేసుకొని వస్తాడు. వచ్చేటప్పుడు ఎట్లాగూ సంత మీదుగానే వస్తాడు కాబట్టి క్యాంపులో అందరికీ ఆయనతో పోవాలనే ఉంటుంది. ముందు సీటుకు వంతులు పెట్టుకున్నారు. వెనక సీటు మాత్రం బక్కవాళ్ళకే. అందుకని నెల రోజులుగా యాదగిరి పూటకు ఒక రొట్టె తగ్గించాడు.