పుట్టగొడుగు ఈగలు

ఎనభైల్లో నేను గుంటూరులో బీఎస్సీ చదువుతూ రోజూ మా ఊరి నుంచి బస్సులో వెళ్లొచ్చేదాన్ని. ఆ ఏడు వానలకు మా గడ్డివామి పక్కన పుట్టగొడుగులు మొలిచాయి. అమ్మ కూరకని కోస్తే లోపల సన్నటి తెల్ల పురుగులు కనిపించాయి.

“ఛీ, పారెయ్యవే!” అంది.

పారెయ్యలేదు. తడి ఇసుక పోసిన సీసాలో వేసి, మూతికి పాత చీర గుడ్డ కట్టాను. కొన్నాళ్లకు అందులో చిన్న చిన్న ఈగలు ఎగిరాయి. కాలేజీలో మా జువాలజీ మేడమ్‌కి చూపించాను.

“ఇవి అరటిపండు మీద వాలేవేనమ్మా. గుడ్డ సందుల్లోంచి దూరి ఉంటాయి.”

“వీటి రెక్కల మీద మచ్చలున్నాయండి.”

“అంత మాత్రాన వేరే ఈగలని ఎలా చెప్తావు?”

“పెంచి చూపిస్తానండి,” అన్నాను, కాస్త గట్టిగానే.

ఆ ఈగల్ని రెండు సీసాల్లోకి వదిలాను. ఒకదానిలో అరటిపండు ముక్క, ఇంకోదానిలో పురుగు పట్టని పుట్టగొడుగు మొగ్గ పెట్టి, రెండూ వసారాలో ఉంచాను. ఆ సాయంత్రం నాన్న పత్తికి మందు కొట్టి వచ్చి, స్ప్రేయర్ సరిగ్గా వాటి పక్కనే దించాడు. తెల్లారి చూస్తే ఒక్క ఈగా మిగల్లేదు. నాన్న మీద అరిచాను.

“ఏందే, ఈగలు చస్తే ఇంత గోలా? పురుగు చావాలనే గదా నేను మందు కొట్టేది!” అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కళ్లు తుడుచుకుని సీసాలు కడగడం మొదలుపెట్టాను.

మళ్లీ వాన పడ్డాక నాన్న కాలవ గట్టు నుంచి తువ్వాలులో పుట్టగొడుగులు మూటగట్టుకొచ్చాడు. “ఇంద, నీ ఈగలకి. పురుగున్నయ్యీ తెచ్చా, లేనియ్యీ తెచ్చా.” అప్పటి నుంచి స్ప్రేయర్ దొడ్లో కొట్టం దగ్గరే దించేవాడు. అయినా నేను సీసాలు వసారాలో పెట్టలేదు. అమ్మతో పోట్లాడి వంటింటి అటక ఎక్కించాను. “అన్నం వండే చోట పురుగులేందే?” అని రోజూ గొణుగుతూనే ఉండేది, కానీ వాటిని ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు.

ఈసారి కూడా ఈగలు పుట్టాయి. వాటిని ముందులాగే రెండు సీసాల్లోకి పంచాను. అరటిపండు కుళ్లి నల్లబడిందే తప్ప ఒక్క పురుగూ పుట్టలేదు. పుట్టగొడుగు మాత్రం పురుగులతో కదిలిపోతోంది.

రెండు సీసాలూ ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. మేడమ్ ఒక ఈగను మైక్రోస్కోప్ కింద పెట్టి చాలాసేపు చూశారు.

“నువ్వన్నదే నిజం. ఇది వేరే ఈగ. దీని పేరు నాకూ తెలీదమ్మా.”

“తెలుసుకుందామండి.”

ఆవిడ నవ్వి, లేచి తన కుర్చీ నాకిచ్చారు. “ముందు బొమ్మ వెయ్యి. రెక్కలతో మొదలుపెట్టు.”