ఒక్కపొద్దు నాడు రక్తం

కడుపులో ఏమీ లేదని నా రక్తం వద్దన్నారు. గోపాలపట్నంలో, కల్యాణమండపంలో పెట్టిన రక్తదానం క్యాంపులో, పదిమందీ చూస్తుండగా, చొక్కా చెయ్యి మడిచి మంచం ఎక్కబోతున్నవాణ్ణి వెనక్కి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టారు.

రక్తంలో లోపమా అంటే అదీ కాదు. వేలు పొడిచి తీసిన చుక్కని నీలం నీళ్ళ సీసాలో వేస్తే రాయిలా తిన్నగా అడుక్కి దిగింది. చుక్క మునిగితే రక్తంలో బలం ఉన్నట్టు. నా ముందు నిలబడ్డ జిమ్ము కండల మనిషి చుక్క కాసేపు పైనే తేలి, మునగాలా వద్దా అని ఆలోచించుకుంది. నాది ఆలోచించలేదు. బీపీ కూడా బాగుందన్నారు. అన్నీ అయ్యాక డాక్టరమ్మ అడిగింది.

"పొద్దున్న ఏం తిన్నారు తాతగారూ?"

తాతగారేమిటి అనిపించింది. అయినా మెచ్చుకుంటుంది కదాని ఛాతీ విరుచుకుని చెప్పాను. "మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదమ్మా. శనివారం కదా, ఒక్కపొద్దు. పొద్దుగూకి దీపం పెట్టాకే తిండి. తలస్నానం చేసి మరీ వచ్చాను."

ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. "అయితే తీసుకోం. టిఫిన్ తిని గంటసేపు కూర్చోండి, అప్పుడు చూద్దాం. లేదంటే సోమవారం బ్లడ్ బ్యాంకుకి రండి."

సోమవారమట! రేపు ఆదివారంతో నాకు అరవై అయిదు నిండుతాయి. ఆ తర్వాత ఎవరూ తీసుకోరు, అది రూలు. ఇవ్వడానికి నాకు మిగిలింది ఈ రోజే. పైగా ఆ పుట్టినరోజు కూడా నాది కాదు. పోర్టులో కలాసీగా చేరినప్పుడు గుమస్తా పుట్టిన తేదీ అడిగితే, మా అమ్మ "తుపాను ఎలిసిన మర్నాడు బాబూ" అంది. ఏ తుపానో ఆయన అడగలేదు, తనకి తోచిన తేదీ వేసుకున్నాడు. ఎవరో వేసిన తేదీకి నా రక్తం ముసలిదైపోతుందట. ఇది ఎక్కడి న్యాయం?

అంత పట్టుదల దేనికంటారేమో. నా పెళ్ళాం మొదటి కాన్పులో రక్తం ఆగలేదు. నాది పనికిరాదన్నారు, గ్రూపు వేరట. ముక్కూ మొహం తెలియని మనిషెవరో ఇచ్చిన రక్తం ఎక్కించారు. నేను ఆసుపత్రి వరండాలో సింహాచలం కొండ వైపు తిరిగి దణ్ణం పెట్టి, ఒకే గుక్కలో రెండు మొక్కులు మొక్కేశాను. అప్పన్నా, ఇది బతికితే శనివారం శనివారం ఒక్కపొద్దుంటాను, ఇవ్వగలిగినంత కాలం నా రక్తం ఇస్తాను, అని. ఆవిడ బతికింది. నేను రెండూ తప్పలేదు. పోర్టులో క్యాంపులు శనివారం కాక మిగతా పనిరోజుల్లో పెట్టేవారు గనక ఆ రెండు మొక్కులూ ఎప్పుడూ ఎదురుపడలేదు. ఇదిగో, ఆఖరి రోజున ఒకదానికొకటి అడ్డం పడ్డాయి.

డాక్టరమ్మతో వాదన పెట్టుకున్నాను. నా బడి అయిదో తరగతితో సరి. మిగతా చదువంతా పొట్లాల కాగితాల మీదా, యూనియన్ ఆఫీసులో పడి ఉండే పత్రికల్లోనూ సాగింది. అయినా ఒంట్లో ఏది ఎక్కడుంటుందో నాకు తెలుసు.

"ఇడ్లీ ఉండేది పొట్టలో, రక్తం ఉండేది నరాల్లో. రెంటికీ దారులు వేరు కదమ్మా?"

"దారులు వేరే తాతగారూ. కళ్ళు తిరిగి పడ్డప్పుడు మాత్రం మనిషంతా కలిసే పడతాడు."

నేను ఇంకో వైపు నుంచి వచ్చాను. మా నాన్న తొలి విత్తు చల్లేదాకా గంజి కూడా ముట్టేవాడు కాదు. గింజలకే అంత నిష్ఠ ఉంటే, ఒంట్లో రక్తం దానం చేసేటప్పుడు మెక్కి రమ్మంటారా? ఆవిడ నవ్వి గోడ వార కుర్చీల వైపు చెయ్యి చూపించింది. నలుగురైదుగురు తలంటుకుని, బొట్లు పెట్టుకుని, నీరసంగా కూర్చున్నారు.

"వాళ్ళూ మీలాంటి వాళ్ళే. దానం అనగానే ఖాళీ కడుపుతో వచ్చేస్తారు. ఈ ఊళ్ళో శనివారం క్యాంపు పెట్టొద్దంటే మావాళ్ళు వినరు."

వాళ్ళు సోమవారం వస్తామని లేచి వెళ్ళిపోయారు. వాళ్ళకేం, సోమవారాలున్నాయి.

పక్క మంచం మీద మా మల్కాపురం నేస్తం పడుకుని రక్తం ఇస్తూ బంతి పిసుకుతున్నాడు. నాకన్నా చిన్నవాడు, ఒకే గ్యాంగులో పనిచేశాం.

"ఏటి బావా, డాక్టరమ్మతో పేచీ ఎట్టీసావా?"

"పేచీ కాదురా, నాయం అడగతన్నాను."

"నాను పూరీలు తినీసి వొచ్చినాను. సూడు, బంగాళాదుంప కూరతో సహా ఎలగ పారతందో!"

"నీ రత్తం ఎక్కినోడికి తేనుపులొత్తాయిరా!"

నర్సు నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది. వాడు మంచం దిగి, వాళ్ళిచ్చిన జ్యూసు తాగి, బయటికెళ్ళి ఇడ్లీ పొట్లం తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. పల్లీ చట్నీ వాసన. "ఒక్కటి తినీ బావా. అప్పన్న సూత్తన్నాడేటి?"

"సూడ్డంట్రా? కొండ ఇక్కడికి ఎంత దూరం?"

నవ్వుతూనే అన్నాను గానీ పొట్లం విప్పడానికి చెయ్యి రాలేదు. ఉన్నమాట చెబుతాను. భయం. ఒక్కపొద్దు తప్పితే నాకేదైనా అయితే అవనీ, మా ఆవిడకి అయితే? మొక్కింది ఆవిడ ప్రాణానికి కదా. అలాగని రక్తం ఇవ్వకుండా ఇంటికెళ్తే రేపటినుంచి ఇచ్చే వీలే ఉండదు. ఇంటికి ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్ళీ మళ్ళీ చేశాను. మా ఇంట్లో ఫోను లోపలి గదిలో చార్జింగుకి వేలాడుతుంటుంది, ఆవిడ పెరట్లో బట్టలు ఉతుకుతుంటుంది. ఇక్కడ చూస్తే అప్పుడే ఖాళీ మంచాలు మడుస్తున్నారు. డాక్టరమ్మ వాచీ చూసుకుని, "ఇప్పుడు తింటేనే తాతగారూ, ఇంకా ఆలస్యమైతే నేనేం చెయ్యలేను" అంది.

అప్పుడు మోగింది ఫోను.

"ఏటయ్యా, కొంపలు ములిగిపోయినట్టు అన్నిసార్లు సేసినావు?"

మొత్తం చెప్పాను. రూలూ, రెండు మొక్కులూ, ఒళ్ళో ఇడ్లీలూ, నా భయమూ. మా నేస్తం ఫోను దగ్గరికి చెవి పెట్టాడు. డాక్టరమ్మ కూడా వింటోందని నాకు తెలుసు.

"మొక్కింది నువ్వు, బతికింది నాను. అప్పన్నతోటి నాను మాటాడుకుంతాను, ఆ ఇడ్లీలు తినీ ముందు. ఆ రోజు నాకు రత్తం ఇచ్చిన మారాజు కడుపునిండా తినే ఇచ్చుంతాడు. లేపోతే ఇన్నేళ్ళు నీతోటి దెబ్బలాడ్డానికి నాకింత సత్తువ ఎక్కణ్ణించి వొచ్చిందేటి?"